ఆంగ్ల సర్వనామాలు

ఆంగ్ల వ్యాకరణంలో నామవాచకానికి బదులుగా వాడే పదాన్ని సర్వనామం అంటారు. ఆంగ్లంలో దీని పేరు ప్రొనౌన్. సంప్రదాయ వ్యాకరణం చెప్పే ఎనిమిది భాషాభాగాలలో ఇది ఒకటి. ఒకసారి చెప్పిన పేరును పదేపదే చెప్పనవసరం లేకుండా చేయడం దీని ప్రధాన ప్రయోజనం. ఐ, యు, హి, షి, ఇట్, వి, దే వంటి చిన్న పదాలు ఈ కోవకు చెందుతాయి. ఒక వాక్యం ఎవరిని గురించి చెబుతున్నదో, అందులోని పని ఎవరి బాధ్యతో నిర్ణయించేవి ఇవే కాబట్టి వీటిలో జరిగే పొరపాటు అర్థాన్నే మార్చివేస్తుంది.

తెలుగులోనూ సర్వనామాలు ఉన్నాయి. అయితే తెలుగు సర్వనామం తప్పనిసరిగా తెలియజేసే కొన్ని విషయాలను ఆంగ్ల సర్వనామం చెప్పదు. తెలుగువారు చెప్పకుండా వదిలివేయగల కొన్ని విషయాలను ఆంగ్లం తప్పనిసరిగా చెప్పమంటుంది. తెలుగు విద్యార్థులు ఆంగ్లంలో చేసే సర్వనామ దోషాలలో ఎక్కువ భాగం ఈ తేడా వల్ల వచ్చేవే. ఈ వ్యాసంలో ఆంగ్ల సర్వనామాల రకాలు తెలుగుతో పోల్చి వివరించబడ్డాయి. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాదు ఐటీ కార్యాలయాల వాడుకను దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడ్డాయి.

నేపథ్యం

ఆంగ్ల బోధనకు హైదరాబాదు పాత కేంద్రమే. 1958లో ఇక్కడ కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. అది తరువాత విదేశీ భాషలను కూడా కలుపుకొని, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆపై హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో సాఫ్ట్‌వేరు సంస్థలు, కాల్ సెంటర్లు విస్తరించాయి. బడిలో పాఠ్యాంశంగా ఉన్న ఆంగ్లం ఇక్కడ పనిముట్టు అయింది. ఈమెయిలు, ఫోను, సమావేశం అన్నీ ఆంగ్లంలోనే నడిచే ఉద్యోగాలలోకి తెలుగు మాధ్యమంలో చదివినవారు కూడా వేల సంఖ్యలో వచ్చారు. వీరిలో చాలామంది ముందు అమీర్‌పేటలోని శిక్షణా కేంద్రాలలో కంప్యూటరు కోర్సులతో పాటు స్పోకెన్ ఇంగ్లీషు కూడా నేర్చుకుంటారు. 2019 మార్చి 20న అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు మొదలవడంతో ఈ రెండు ప్రాంతాల మధ్య దూరం మరింత తగ్గింది.

2022-23 విద్యా సంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. దీనితో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఆంగ్ల సర్వనామాలు ఇంకా చిన్న వయసులోనే ఎదురవుతున్నాయి.

పురుష

మాట్లాడే వ్యక్తి, వినే వ్యక్తి, వారిద్దరూ కాని వ్యక్తి లేదా వస్తువు అనే మూడు స్థానాలను వ్యాకరణంలో పురుషలు అంటారు. ఇక్కడ తెలుగు విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సంస్కృత సంప్రదాయాన్ని అనుసరించే తెలుగు వ్యాకరణంలో 'ప్రథమ పురుష' అంటే వాడు, ఆమె, అది మొదలైనవి. ప్రథమ అంటే మొదటిది కదా అని దీనిని ఆంగ్లంలోని ఫస్ట్ పర్సన్‌గా భావించడం తప్పు. లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది.

* ఉత్తమ పురుష: ఆంగ్లంలో ఫస్ట్ పర్సన్. ఐ (నేను), వి (మేము, మనము)
* మధ్యమ పురుష: ఆంగ్లంలో సెకండ్ పర్సన్. యు (నీవు, మీరు)
* ప్రథమ పురుష: ఆంగ్లంలో థర్డ్ పర్సన్. హి (వాడు, అతడు, ఆయన), షి (ఆమె, ఆవిడ), ఇట్ (అది), దే (వారు, వాళ్లు, అవి)

సర్వనామాల రకాలు

పురుషవాచక సర్వనామాలు

పై జాబితాలోని పదాలను పురుషవాచక సర్వనామాలు అంటారు. వాక్యంలో వాటి స్థానాన్ని బట్టి రూపం మారుతుంది. పని చేసేవాడిని సూచించేటప్పుడు ఒక రూపం, పని ఎవరి మీద జరిగిందో వారిని సూచించేటప్పుడు మరొక రూపం వాడతారు.

* ఐ (నేను) - మి (నన్ను, నాకు)
* వి (మేము, మనము) - అస్ (మమ్మల్ని, మనల్ని)
* హి (అతడు) - హిమ్ (అతడిని)
* షి (ఆమె) - హర్ (ఆమెను)
* దే (వారు) - దెమ్ (వారిని)
* యు, ఇట్ - ఈ రెండింటికీ రూపం మారదు

విభక్తి ప్రత్యయాలకు అలవాటు పడిన తెలుగువారికి ఈ మార్పు కొత్తది కాదు. చిక్కు మరోచోట వస్తుంది. తెలుగులో అనుభవాన్ని, జ్ఞానాన్ని, అవసరాన్ని తెలిపే వాక్యాలలో 'నాకు' అనే రూపం వస్తుంది: నాకు తెలుసు, నాకు ఆకలిగా ఉంది, నాకు ఇంగ్లీషు వచ్చు. ఆంగ్లంలో వీటికి 'మి' రాదు, 'ఐ' వస్తుంది: ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ నో ఇంగ్లీష్. ఇలాంటి వాక్యాన్ని అనువదించేటప్పుడు తెలుగు విభక్తిని చూడకుండా, ఆ అనుభవం ఎవరిదో చూసి కర్తను నిర్ణయించాలి.

విభక్తి ప్రత్యయం స్థానంలో ఆంగ్లంలో వచ్చే టు, ఫర్, విత్, బిట్వీన్ వంటి పదాల తరువాత ఎప్పుడూ రెండవ రూపమే రావాలి. 'బిట్వీన్ యు అండ్ ఐ' అని ఆంగ్లం మాతృభాషగా గలవారు కూడా అనడం వింటాము గానీ, వ్యాకరణం ప్రకారం 'బిట్వీన్ యు అండ్ మి' సరైనది.

కర్తను వదలరాదు

తెలుగు క్రియలోనే కర్త తెలుస్తుంది. 'వచ్చాను' అంటే నేను, 'వచ్చావు' అంటే నీవు. అందువల్ల సర్వనామాన్ని వదిలివేసినా వాక్యం పూర్తిగానే ఉంటుంది. ఆంగ్లంలో 'కేమ్' అనే క్రియ అందరికీ ఒకటే. కర్త లేకపోతే వచ్చినది ఎవరో తెలియదు. కాబట్టి సాధారణ వాక్యంలో కర్త తప్పనిసరి. చెప్పవలసిన కర్త ఏదీ లేనప్పుడు కూడా ఆ ఖాళీని 'ఇట్' అనే పదంతో నింపుతారు. 'వాన కురుస్తోంది' అన్నప్పుడు తెలుగులో వానే కర్త. ఆంగ్లంలో 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటారు. ఇక్కడి 'ఇట్' ఏ వస్తువునూ సూచించదు. 'ఆలస్యమైంది' అన్న ఒక్క మాటకు 'ఇట్ ఈజ్ లేట్' అని మూడు మాటలు కావలసి వచ్చేది ఇందుకే.

లింగభేదం

చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు నామవాచకాలను మహత్తు, మహతి, అమహత్తు అని విభజిస్తుంది. స్థూలంగా ఇవి పురుషులను, స్త్రీలను, మిగిలిన ప్రాణులు-వస్తువులను తెలిపే పదాలు. క్రియ విషయంలో మాత్రం తెలుగు ఏకవచనంలో స్త్రీలను మూడవ వర్గంతో కలుపుతుంది: సీత వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో స్త్రీలను పురుషులతో కలుపుతుంది: స్త్రీలు వచ్చారు, పురుషులు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఆంగ్లంలో ఏకవచనంలో హి, షి, ఇట్ అని మూడు వేరువేరు పదాలు ఉంటాయి. బహువచనంలో మనుషులకూ వస్తువులకూ కలిపి 'దే' ఒక్కటే.

దీని ఫలితం సంభాషణలో కనిపిస్తుంది. 'మేనేజరు వచ్చారు, మీటింగు మొదలుపెట్టమన్నారు' అన్న తెలుగు వాక్యంలో మేనేజరు స్త్రీయో పురుషుడో చెప్పనవసరం లేదు. అదే వాక్యాన్ని ఆంగ్లంలో చెప్పేటప్పుడు రెండవ భాగం మొదట్లో హి, షి లలో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. తెలుగులో ఆలోచిస్తూ ఆంగ్లంలో వేగంగా మాట్లాడేవారు ఆ క్షణంలో స్త్రీని 'హి' అనడం సాధారణంగా జరిగే పొరపాటు. ఇది అమర్యాద వల్ల జరిగినది కాదు. మాతృభాష ఆ చోట అడగని ప్రశ్నను ఆంగ్లం అడగడం వల్ల జరిగినది. వినేవారికి మాత్రం అది మర్యాదలోపంగా తోచవచ్చు. 'వచ్చింది' అన్న క్రియను చూసి మనిషికి 'ఇట్' వాడడం ఇంకా పెద్ద తప్పు.

స్వామ్యవాచక సర్వనామాలు

ఒక వస్తువు ఎవరిదో తెలిపేవి ఇవి: మైన్, అవర్స్, యువర్స్, హిజ్, హర్స్, దేర్స్. నామవాచకానికి ముందు వచ్చే మై, అవర్, యువర్, హర్, దేర్ వంటివి విశేషణాల వలె పనిచేస్తాయి కాబట్టి చాలా వ్యాకరణ గ్రంథాలు వాటిని వేరుగా చూపుతాయి. ఈ తేడా తెలుగులో కూడా ఉంది. 'నా పుస్తకం' అన్నప్పటి 'నా' ఆంగ్లంలో 'మై'. 'ఈ పుస్తకం నాది' అన్నప్పటి 'నాది' ఆంగ్లంలో 'మైన్'. మా-మాది, మీ-మీది, వారి-వారిది అనే జంటలను గుర్తుంచుకుంటే అవర్-అవర్స్, యువర్-యువర్స్, దేర్-దేర్స్ తేలికగా అర్థమవుతాయి.

తెలుగులో కుటుంబాన్ని, ఊరిని చెప్పేటప్పుడు 'మా' అంటారు. ఒక్కడే సంతానమైనా 'మా నాన్నగారు' అనడమే మర్యాద. ఆంగ్లంలో అక్కడ 'మై ఫాదర్' అనాలి. 'అవర్ ఫాదర్' అంటే చెప్పేవారికి తోబుట్టువులు పక్కనే ఉన్నారనో, వినేవారికి కూడా ఆయనే తండ్రి అనో అర్థం వస్తుంది.

'దాని యొక్క' అనే అర్థంలో 'ఇట్స్' అని రాసేటప్పుడు చివరి అక్షరానికి ముందు పైకామా ఉండదు. పైకామా ఉంటే అది 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హాజ్' అనే రెండు మాటలకు సంక్షిప్త రూపం. అలాగే 'వారి', 'అక్కడ', 'దే ఆర్' అనే మూడింటికీ ఆంగ్లంలో మూడు వేరు వర్ణక్రమాలు ఉన్నా, ఉచ్చారణ మూడింటికీ 'దేర్' అనే. చెవితో నేర్చుకున్నవారు రాతలో వీటిని తారుమారు చేయకుండా జాగ్రత్తపడాలి.

ఆత్మార్థక సర్వనామాలు

పని చేసినవారి మీదే ఆ పని జరిగినప్పుడు మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, హిమ్‌సెల్ఫ్, హర్‌సెల్ఫ్, ఇట్‌సెల్ఫ్, అవర్‌సెల్వ్స్, యువర్‌సెల్వ్స్, దెమ్‌సెల్వ్స్ అనే రూపాలు వాడతారు. 'ఆమె తనను తాను పరిచయం చేసుకుంది' అనడానికి 'షి ఇంట్రడ్యూస్డ్ హర్‌సెల్ఫ్' అంటారు. తెలుగులో 'కొను' అనే సహాయక క్రియ చేసే పనిలో కొంత భాగాన్ని ఆంగ్లంలో ఈ సర్వనామం చేస్తుంది.

ఇవే పదాలు ఒత్తి చెప్పడానికి కూడా వస్తాయి. 'నేనే చేశాను' లోని ఏకారం పనిని 'ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్' లో మైసెల్ఫ్ చేస్తుంది. ఇలా వచ్చినప్పుడు దానిని తొలగించినా వాక్యం నిలుస్తుంది. ఆత్మార్థకంలో తొలగిస్తే వాక్యం అసంపూర్ణమవుతుంది లేదా అర్థం మారుతుంది.

ఆత్మార్థక సర్వనామం ఒంటరిగా కర్త స్థానంలో రాదు. ఉద్యోగ ముఖాముఖిలో చాలామంది 'మైసెల్ఫ్ రమేష్' అని మొదలుపెడతారు. ఇది భారతదేశమంతటా వినిపించే వాడుక. ప్రామాణిక ఆంగ్లంలో 'ఐ యామ్ రమేష్' లేదా 'మై నేమ్ ఈజ్ రమేష్' అనాలి.

నిర్దేశక సర్వనామాలు

దగ్గరి వాటికి దిస్, దీజ్. దూరపు వాటికి దట్, దోజ్. తెలుగులోని ఇది-ఇవి, అది-అవి వీటికి సమానం. అయితే తెలుగు దగ్గర-దూరం తేడాను మనుషుల విషయంలో కూడా చూపుతుంది: ఇతడు-అతడు, ఈమె-ఆమె, వీరు-వారు. ఆంగ్లంలోని హి, షి, దే ఈ తేడాను చూపలేవు.

ప్రశ్నార్థక సర్వనామాలు

హూ (ఎవరు), హూమ్ (ఎవరిని), హూజ్ (ఎవరిది), వాట్ (ఏమిటి), విచ్ (ఏది) అనేవి ప్రశ్నార్థకాలు. ఎన్నిటిలోనైనా ఒకటి అడిగేటప్పుడు వాట్, ముందున్న కొద్దిపాటి వాటిలో ఒకటి అడిగేటప్పుడు విచ్ వాడతారు. నేటి సంభాషణలో హూమ్ స్థానంలో హూ వినిపించడం సాధారణమే. రాతలో, ముఖ్యంగా టు, ఫర్, విత్ వంటి పదాల తరువాత, హూమ్ నిలిచి ఉంది.

సంబంధార్థక సర్వనామాలు

ఒక నామవాచకాన్ని దానిని వివరించే ఉపవాక్యంతో కలిపేవి హూ, హూమ్, హూజ్, విచ్, దట్. తెలుగులో ఈ పనిని ప్రధానంగా విశేషణ క్రియ చేస్తుంది. 'నిన్న వచ్చిన మనిషి' అనడంలో వివరణ ముందు, మనిషి తరువాత. ఆంగ్లంలో 'ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే' అని మనిషి ముందు, వివరణ తరువాత వస్తాయి. వరుస తలకిందులు కావడంతో పాటు తెలుగులో లేని ఒక పదం మధ్యలో చేరుతుంది. అందుకే తెలుగు విద్యార్థులకు అన్ని రకాలలో ఇది కష్టంగా తోచవచ్చు.

ఇందులో కామా పాత్ర ముఖ్యమైనది. ఈ రెండు వాక్యాలు చూడండి.

* ద సర్వర్స్ దట్ ఫెయిల్డ్ వర్ రిప్లేస్డ్. (పాడైన సర్వర్లను మాత్రమే మార్చారు. మిగిలినవి బాగానే ఉన్నాయి.)
* ద సర్వర్స్, విచ్ ఫెయిల్డ్, వర్ రిప్లేస్డ్. (సర్వర్లన్నీ పాడయ్యాయి. అన్నిటినీ మార్చారు.)

మొదటి వాక్యంలో వివరణ ఏ సర్వర్లో గుర్తిస్తుంది. రెండవదానిలో ముందే తెలిసిన సర్వర్ల గురించి అదనపు సమాచారం ఇస్తుంది. మార్చినవి రెండు సర్వర్లా, రెండు వందలా అన్నది ఒక చిన్న సర్వనామం, రెండు కామాల మీద ఆధారపడి ఉంది. నివేదికలు రాసేవారు ఈ తేడాను తప్పక పాటించాలి.

అనిశ్చయార్థక, విభాగార్థక సర్వనామాలు

సమ్‌వన్ (ఎవరో), ఎనీవన్ (ఎవరైనా), ఎవ్రీవన్ (అందరూ), నోబడీ (ఎవరూ... లేదు), నథింగ్ (ఏమీ... లేదు) వంటివి నిర్దిష్టంగా ఒకరిని చెప్పనివి. ఈచ్, ఐదర్, నైదర్ అనేవి గుంపులోని వారిని ఒక్కొక్కరిగా విడదీసి చెప్పేవి. వీటితో రెండు పొరపాట్లు జరుగుతాయి.

* తెలుగులో 'అందరూ' బహువచనం. ఆంగ్లంలో 'ఎవ్రీవన్' ఏకవచన క్రియను తీసుకుంటుంది. 'ఎవ్రీవన్ హాజ్ కమ్' సరైనది, 'ఎవ్రీవన్ హావ్ కమ్' తప్పు.
* తెలుగులో 'ఎవరూ రాలేదు' అన్నప్పుడు వ్యతిరేకార్థం క్రియలో ఉంటుంది. ఆంగ్లంలో అది 'నోబడీ' అన్న పదంలోనే ఉంది. కాబట్టి 'నోబడీ కేమ్' అంటే చాలు. 'నోబడీ డిడ్ నాట్ కమ్' అంటే రానివారు ఎవరూ లేరు, అందరూ వచ్చారు అని వ్యతిరేకార్థం వస్తుంది.

పరస్పరార్థక సర్వనామాలు

ఈచ్ అదర్, వన్ అనదర్ అనేవి తెలుగులోని 'ఒకరినొకరు' అనే మాటకు సమానం. ఇద్దరికి మొదటిది, అంతకంటే ఎక్కువ మందికి రెండవది వాడాలని పాత పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నేటి వాడుకలో ఈ నియమాన్ని అంతగా పాటించడం లేదు.

ఆంగ్లంలో లేని తేడాలు

మేము, మనము

వినేవారిని కలుపుకొని చెప్పేటప్పుడు 'మనము', వారిని మినహాయించి చెప్పేటప్పుడు 'మేము' అనడం తెలుగులో తప్పనిసరి. ఈ తేడా మూల ద్రావిడ భాషలోనే ఉన్నదని భాషావేత్తలు భావిస్తారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖకు తొలి ఆచార్యుడిగా, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనంలో ప్రసిద్ధుడు. తమిళ, మలయాళ భాషలలో నేటికీ ఈ తేడా ఉంది. ఆధునిక కన్నడ దీనిని కోల్పోయింది. ఆంగ్లానికి 'వి' ఒక్కటే ఉన్నట్లు, హిందీ-ఉర్దూలకు 'హమ్' ఒక్కటే ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'మన ఊరు - మన బడి', ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రారంభించిన 'మన బడి: నాడు-నేడు' పథకాల పేర్లను గమనించండి. 'మన బడి' అనడంలో వినే ప్రతి ఒక్కరికీ ఆ బడిలో భాగం ఇవ్వబడింది. 'మా బడి' అంటే ఆ భాగం పోతుంది. ఆంగ్లంలో రెండింటికీ 'అవర్ స్కూల్' అనే అనువాదం.

కార్యాలయ వ్యవహారంలో ఇది సందిగ్ధతకు దారి తీయవచ్చు. మాదాపూర్‌లోని బృందం విదేశంలోని ఖాతాదారుకు 'వి విల్ టెస్ట్ ఇట్ టునైట్' అని రాసిందనుకుందాం. రాసినవారి మనసులో ఉన్నది 'మేము'. చదివినవారు 'మనము' అని అర్థం చేసుకుంటే రాత్రంతా పిలుపు కోసం ఎదురుచూస్తారు. రాసినవారు 'మనము' అనుకొని, చదివినవారు 'వారే చూసుకుంటారు' అనుకుంటే పరీక్ష జరగకుండానే తెల్లవారుతుంది. తెలుగువారికి ఈ తేడా పుట్టుకతో తెలుసు. కాబట్టి ఆంగ్లంలో 'వి' రాసే ముందు అది మేమా, మనమా అని తమను తాము ప్రశ్నించుకొని, అవసరమైన చోట 'అవర్ టీమ్ ఇన్ హైదరాబాద్' లేదా 'యువర్ టీమ్ అండ్ అవర్స్' అని విడమరచి రాయడం మంచి పద్ధతి.

మర్యాద

నీవు, మీరు, తమరు. వాడు, అతడు, ఆయన, వారు. తెలుగు సర్వనామం ఎంచుకోవడమంటే ఎదుటివారితో సంబంధాన్ని ప్రకటించడమే. ఆంగ్లంలో ఐదేళ్ల పిల్లవాడికీ, సంస్థ అధిపతికీ 'యు' ఒక్కటే. దీనివల్ల ఆంగ్లంలో మర్యాద లేదని భావించరాదు. అక్కడ మర్యాద సర్వనామంలో కాక ప్లీజ్, కుడ్ యు, వుడ్ యు వంటి మాటలలో, వాక్య నిర్మాణంలో ఉంటుంది. 'ఆ ఫైలు పంపండి' అన్న తెలుగు వాక్యంలోని 'అండి' ఆంగ్లంలోకి రాకపోతే 'సెండ్ ద ఫైల్' అనే ఆజ్ఞ మిగులుతుంది. 'కుడ్ యు ప్లీజ్ సెండ్ ద ఫైల్' అన్నప్పుడు ఆ 'అండి' తిరిగి వస్తుంది.

తాను

'రవి తాను వస్తానని చెప్పాడు' అంటే వచ్చేది రవియే. 'రవి అతను వస్తాడని చెప్పాడు' అంటే సాధారణంగా వచ్చేది మరొకరు. ఆంగ్లంలో రెండింటికీ 'రవి సెడ్ హి వుడ్ కమ్' అనే వాక్యమే. సమావేశ వివరాలు రాసేటప్పుడు ఇలాంటి చోట సర్వనామానికి బదులు పేరే మళ్లీ రాయడం ఉత్తమం.

పూర్వపదం

సర్వనామం ఏ నామవాచకాన్ని సూచిస్తుందో దానిని పూర్వపదం అంటారు. 'వి రీస్టార్టెడ్ ద సర్వర్ ఆఫ్టర్ ద అప్‌డేట్, బట్ ఇట్ ఫెయిల్డ్' అన్న వాక్యంలో విఫలమైనది సర్వరా, అప్‌డేటా, పునఃప్రారంభమా అన్నది తెలియదు. ఒక సర్వనామానికి పూర్వపదం కాగల మాటలు రెండు ఉన్నప్పుడు సర్వనామాన్ని వదిలి నామవాచకాన్నే వాడాలి.

చరిత్ర

ఆంగ్లంలో కూడా ఒకప్పుడు నీవు-మీరు వంటి తేడా ఉండేది. ఏకవచనానికి 'దౌ', బహువచనానికి 'యీ' వాడేవారు. 'యు' మొదట 'మిమ్మల్ని' అనే అర్థంలో మాత్రమే వచ్చేది. 13వ శతాబ్దం తరువాత ఫ్రెంచి వాడుక ప్రభావంతో గౌరవనీయుడైన ఒక్క వ్యక్తిని కూడా బహువచనంతో పిలవడం మొదలైంది. క్రమంగా ఆ గౌరవం అందరికీ విస్తరించి, 18వ శతాబ్దం నాటికి ప్రామాణిక ఆంగ్లంలో 'దౌ' దాదాపు కనుమరుగైంది. అంటే ఆంగ్లేయులు అందరినీ 'నీవు' అనడం లేదు. చరిత్ర ప్రకారం చూస్తే అందరినీ 'మీరు' అంటున్నారు. ఒక్కరితో మాట్లాడేటప్పుడు కూడా 'యు ఆర్' అని బహువచన క్రియ రావడానికి కారణం ఇదే.

'దే' అనే పదం స్కాండినేవియా నుండి వచ్చి స్థిరపడినవారి భాష ద్వారా ఆంగ్లంలో చేరింది. ఒక భాష మరొక భాష నుండి నామవాచకాలను తెచ్చుకోవడం సాధారణం. సర్వనామాన్ని తెచ్చుకోవడం అరుదు.

ఆంగ్లేయులకు తెలుగు నేర్చుకునేటప్పుడు ఇదే కష్టం ఎదురుగా వచ్చింది. 1816లో ఎ. డి. క్యాంప్‌బెల్, 1840లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ప్రచురించిన తెలుగు వ్యాకరణాలు ఆంగ్లం తెలిసినవారి కోసం ఆంగ్లంలో రాసినవి. ఆంగ్లం అడగని ప్రశ్నలను తెలుగు అడుగుతుందని ఆనాటి అధికారులు నేర్చుకోవలసి వచ్చింది.

ఏకవచనంలో 'దే'

వ్యక్తి స్త్రీయో పురుషుడో తెలియనప్పుడు, లేదా చెప్పనవసరం లేనప్పుడు ఒక్కరికి కూడా 'దే' వాడడం ఆంగ్లంలో 14వ శతాబ్దం నుండి ఉంది. 'సమ్‌వన్ లెఫ్ట్ దేర్ బ్యాగ్' (ఎవరో తమ సంచి మరచిపోయారు) అనే వాక్యం ఇందుకు ఉదాహరణ. తరువాతి కాలపు వ్యాకరణవేత్తలు దీనిని తప్పుగా భావించి, ఇలాంటి చోట 'హి' వాడాలని బోధించారు. ఆ నియమం ఇప్పుడు సడలింది. 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 'దే' ను ఆ సంవత్సరపు పదంగా ప్రకటించింది. అదే సంవత్సరం అమెరికన్ మనోవైజ్ఞానిక సంఘం తన రచనా నియమావళి ఏడవ కూర్పులో ఈ వాడుకను ఆమోదించింది. హి, షి రెండూ తమకు వర్తించవని భావించే వ్యక్తులు కూడా 'దే' ను ఎంచుకుంటున్నారు. భారతదేశంలో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగంగా గుర్తించింది.

బహుళజాతి సంస్థలలో కొందరు ఈమెయిలు చివర తమ పేరు కింద తమ సర్వనామాలను రాస్తారు. ఇది తెలుగువారికి మరొక విధంగా కూడా ఉపయోగపడుతుంది. జ్యోతి, కిరణ్ వంటి పేర్లు స్త్రీలకూ పురుషులకూ ఉన్నాయి. పేరు చూసి లింగాన్ని ఊహించలేని విదేశీ సహోద్యోగికి ఆ ఒక్క పంక్తి సరైన సర్వనామాన్ని తెలుపుతుంది.

'దే' తో ఒక్కరికి బహువచన క్రియ రావడం వింతగా తోచవచ్చు. తెలుగువారు రోజూ చేసేది అదే. 'గురువుగారు వచ్చారు, వారు లోపల ఉన్నారు' అన్నప్పుడు ఉన్నది ఒక్కరే, క్రియ బహువచనం, లింగం తెలియదు. అయితే తెలుగు 'వారు' గౌరవాన్ని తెలుపుతుంది, ఆంగ్ల 'దే' లో ఆ అర్థం లేదు.

యంత్రానువాదంలో సర్వనామాలు

1998లో గచ్చిబౌలిలో ఏర్పడిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో భారతీయ భాషల కంప్యూటరు విశ్లేషణపై, యంత్రానువాదంపై పరిశోధనలు జరుగుతున్నాయి. ఈ రంగంలో పరిష్కరించడానికి కష్టమైన సమస్యలలో సర్వనామాలు ఒకటి. 'యు' అన్న మాటను తెలుగులోకి మార్చాలంటే నీవా, మీరా అని యంత్రం నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం ఆంగ్ల వాక్యంలో ఉండదు. తెలుగు నుండి ఆంగ్లంలోకి మార్చేటప్పుడు 'వచ్చారు' అన్న ఒక్క క్రియకు యు, హి, షి, దే లలో ఏది రావాలో ముందు వెనుకల వాక్యాలు చూస్తే తప్ప తెలియదు.

పూర్వపదాన్ని గుర్తించడం కూడా అంతే కష్టం. 'టీమ్ లీడరు టెస్టరును పిలిచింది, ఎందుకంటే ఆమెకు సహాయం కావాలి' అన్న వాక్యంలో సహాయం కావలసినది టీమ్ లీడరుకే అని మనం లోకజ్ఞానంతో గ్రహిస్తాము. 'ఎందుకంటే ఆమె ఆలస్యంగా వచ్చింది' అంటే అదే 'ఆమె' టెస్టరు అవుతుంది. వాక్య నిర్మాణం మారలేదు, సర్వనామం మారలేదు, మనిషి మారింది. యంత్రానువాదం చేసిన పాఠాన్ని వాడేవారు మొట్టమొదట సరిచూడవలసినవి సర్వనామాలే.

గుర్తుంచుకోవలసిన అంశాలు

* ఆంగ్ల వాక్యంలో కర్తను వదలరాదు. కర్త లేకపోతే 'ఇట్' చేర్చాలి.
* 'నాకు తెలుసు', 'నాకు కావాలి' వంటి వాక్యాలకు ఆంగ్లంలో కర్త 'ఐ'.
* మైసెల్ఫ్ తో పరిచయం మొదలుపెట్టరాదు.
* 'మా నాన్నగారు' ఆంగ్లంలో 'మై ఫాదర్'.
* ఎవ్రీవన్, ఈచ్, నోబడీ లకు ఏకవచన క్రియ వాడాలి.
* 'వి' రాసే ముందు అది మేమో, మనమో నిర్ణయించుకోవాలి.
* సర్వనామం ఇద్దరిలో ఎవరికైనా వర్తించేలా ఉంటే పేరే రాయాలి.

ఇవి కూడా చూడండి

* సర్వనామము
* తెలుగు వ్యాకరణం
* బాలవ్యాకరణం
* ద్రావిడ భాషలు
* హైటెక్ సిటీ